జట్టుకొక బొమ్మల కథ

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లు నిండిన సంస్థకు పొగడ్త చెప్పుట సులభము. ఆ పని నాకంటె బాగుగా చేయగల పెద్దలు వేదికమీద నున్నారు. నేను లెక్కలు వ్రాసికొను వాడను. కావున పొగడ్త వారికి విడిచి, పాలకవర్గము ముందు కొన్ని నెలలుగా తీర్మానము కాక నిలిచియున్న ఒక అర్జీని గురించి నాకు తోచినది విన్నవింతును.

అర్జీ యేమనగా: మన నౌపడ కబడ్డీ బాలబాలికల జట్లను గురించి వారమునకొక భాగము చొప్పున బొమ్మల కథ గీచి, వీధివైపున్న మన వరండా గోడమీద అంటించుటకు అనుమతి కావలెనని యువకులు కోరినారు. దీనిపై రెండభిప్రాయములు కలవు. గ్రంథాలయము గ్రంథములకే గాని బొమ్మలకు గాదనియు, ఆటల ప్రకటనలకు అసలే గాదనియు కొందరు పెద్దలనుచున్నారు. గోడ యూరకున్నది గదా, ఇచ్చిన నష్టమేమని మరికొందరు. ఇరువురి మాటను మన్నించుచునే, ఈ విషయమును మొదటినుండి పరిశీలింతము.

బొమ్మలతో కథ చెప్పుట నిన్న మొన్న పుట్టిన వింత గాదు. భాగవతమున ఉషాకన్య కలలో జూచిన చెలికాని పేరు చెప్పలేక తపించుచుండగా, చెలికత్తె చిత్రరేఖ దేవతలను, గంధర్వులను, రాజులను, యాదవులను వరుసగా పటమున వ్రాసి చూపినది. ఒక్కొక్క బొమ్మ దాటుచు వచ్చి అనిరుద్ధుని బొమ్మకడ ఉష తల వంచుకొన్నది. మాటకు లొంగని సంగతి బొమ్మకు లొంగినది. భవభూతి ఉత్తరరామచరితమున మొదటి అంకమంతయు చిత్రదర్శనమే. అర్జునుడను చిత్రకారుడు వ్రాసిన తమ కథనే సీతారాములు లక్ష్మణుడు చూపగా వరుసగా చూచెదరు. జనస్థానము బొమ్మ వచ్చుసరికి, గడచిపోయిన దుఃఖము రామునకు మరల కన్నీరై వచ్చినది. ఆ బొమ్మలు చూచియే సీతకు ఆ వనములను మరియొక సారి చూడవలెనను కోరిక కలిగినది. బొమ్మ కంటితో నాగక మనిషిని కదలించునని ఆ మహాకవికి తెలియును. ఆ కదలిక మంచికే దారితీయునని నమ్మకము లేదనియు ఆయనకు తెలియును. ఈ రెండవ మాటను గుర్తుంచుకొనుడు. దానితో మనకు పని కలదు.

మన దేశమున పండితులకే గాక పామరులకును ఈ విద్య అందినది. తెలంగాణములో చేర్యాల నకాషీ చిత్రకారులు గజముల కొలది పొడవైన బట్టమీద కథను వరుసలుగా విభజించి రంగులతో వ్రాయుదురు. కూనపులివారు ఆ పటమును వ్రేలాడదీసి, కొంచెము కొంచెముగా విప్పుచు, పద్మశాలీలకు మార్కండేయ పురాణము చెప్పుదురు. మన తోలుబొమ్మలాటయు అట్టిదే. 1947 లో చెన్నపట్టణమున నాగిరెడ్డి, చక్రపాణి గారలు చందమామను స్థాపించిన తరువాత, నెల నెల కథకు బొమ్మ తోడైన యెట్లుండునో తెలుగు ఇండ్లన్నిటికిని తెలిసినది. ఆ పత్రిక అచ్చు నిలిచిపోయి యేండ్లయినను, మన బీరువాలోని పాత సంచికలంత చేతులు మారిన పుస్తకములు ఇచ్చట మరి లేవని అరువు పుస్తకాల రిజిస్టరు చూచిన వారికి తెలియును. కావున బొమ్మలు గ్రంథాలయమునకు తగవను మాటకు మన రిజిస్టరే సమాధానము.

ఇక భాగములుగా చెప్పుటలోని బలమెట్టిది? ఒకే రాత్రి ముగిసిన కథను మరునాడు మరచెదము. నేటికింతే, తరువాయి రేపనిన కథను మరునాటి సాయంకాలము వరకు మనసులో మోసికొని తిరిగెదము. అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు గారు పుట్టిన ఈ సీమలో హరికథ విన్నవారికి నేను దీనిని వివరింపనక్కరలేదు. భారతమైనను ఆశ్వాసములుగా సాగినదే. ఎడము వినువాని చేత కథను అల్లించును. "తరువాత నేమగును?" అని నలుగురు తమలో తాము మాటాడుకొనుటయే ధారావాహికకు అసలు ఆదాయము.

ఆటల జట్లకు ఇట్టి బొమ్మల కథలు ఏమి చేసినవో ఇతర దేశముల చరిత్రమున జూతము. ఇంగ్లండులో 1954 సెప్టెంబరున టైగర్ అను పిల్లల వారపత్రికలో రాయ్ ఆఫ్ ది రోవర్స్ అను బొమ్మల కథ మొదలైనది. రాయ్ రేస్ అను ఫుట్‌బాల్ ఆటగాడు, మెల్‌చెస్టర్ రోవర్స్ అను జట్టు, రెండును కల్పితములే. లేని ఊరికి, లేని జట్టుకు, దేశమంతట అభిమానులు పుట్టిరి. 1976 లో ఆ కథకు సొంత పత్రికయే వెలసినది. ఓడిపోవు ఆట చివరి నిమిషమున గెలిచినచో నేటికిని ఆంగ్లేయులు ఆ కథ పేరే చెప్పుదురు. ఇది మొదటి మెట్టు: కథ యున్నచో లేని జట్టును గూడ మనుష్యులు ప్రేమింపగలరు.

రెండవ మెట్టు జపానులో కనబడును. 1966 లో ఒక బాలుర వారపత్రికలో క్యోజిన్ నో హోషి అను కథ ఆరంభమైనది. రచయిత ఇక్కి కాజివారా, చిత్రకారుడు నోబొరు కవాసాకి. బేస్‌బాల్ ఆటలో టోక్యో నగరపు యోమియురి జయంట్స్ జట్టులో చేరవలెనని తపించు ఒక పేద బాలుని కథ అది. ఈ జట్టు కల్పితము గాదు. నాగషిమా, ఓ మొదలైన నిజమైన ఆటగాండ్రును, వారి శిక్షకుడు కవకామియు కథలో పాత్రలైరి. 1965 మొదలు 1973 వరకు వరుసగా తొమ్మిదేండ్లు ఆ జట్టే జపాను విజేత. ఆ జట్టు యోమియురి వార్తాపత్రిక సంస్థది. 1968 లో ఈ కథ కదలు బొమ్మలుగా ప్రసారమైనది యోమియురి టెలివిజన్‌లోనే. ఆటయు, కథయు, ప్రసారమును ఒకదాని నొకటి మోసినవి. పిల్లవాడు వారమంతయు కథ చదివి, సాయంకాలము ఆ పాత్రలనే నిజమైన మైదానమున చూచెడివాడు. ఇంతకంటె గొప్ప ప్రకటన యేది? ఈ కథనే 2012 డిసెంబరులో మన దేశపు హిందీ ప్రేక్షకుల కొరకు, బేస్‌బాల్ స్థానమున క్రికెట్టు పెట్టి, ముంబయి బాలుని కథగా మార్చి, సూరజ్ అను పేర ప్రసారము చేసిరి.

మూడవ మెట్టు మనకు మరింత దగ్గర. యోయిచి తకహాషి అను చిత్రకారుడు 1981 మొదలు 1988 వరకు కెప్టెన్ త్సుబాసా అను ఫుట్‌బాల్ కథను వారము వారము నడపెను. అప్పటికి జపానులో ఫుట్‌బాల్ వృత్తి లీగు లేదు. అది 1993 లో పది జట్లతో మొదలైనది. 1998 లో జపాను మొదటిసారి ప్రపంచ కప్పు ఆడినది. ఇదంతయు కథ వలననే జరిగినదనుట అతిశయోక్తి. సంఘములు, ధనము, శిక్షకులు లేక ఏ ఆటయు పెరగదు. కాని బంతి పట్టుకొని వీధిలోనికి వచ్చిన బాలురలో ఆ కథ చదివిన వారు అనేకులని అందరు నొప్పుకొన్నదే. ఆ కథ అరబ్బు దేశములలో కెప్టెన్ మాజిద్ అను పేర ప్రసిద్ధమైనది. 2004 లో జపాను ఇరాకునకు ఇచ్చిన మంచినీటి లారీలమీద ఆ బాలుని బొమ్మ అంటించిరి. బొమ్మ చూచిన పిల్లలకు అది తమవారి బండి యని తోచునని వారి తలంపు.

ఇంకొక విశేషము. తకహాషి పుట్టినది టోక్యోలోని కట్సుషిక పేట. కథలోని జట్టు పేరు నంకట్సు. ఇప్పుడు ఆ పేటలో నంకట్సు అను పేరుతోనే నిజమైన ఫుట్‌బాల్ క్లబ్బు కలదు. దాని బాధ్యత ఆ చిత్రకారుడే వహించెను. 2022 లో ఆ క్లబ్బు కాంటో ప్రాంతీయ లీగు మొదటి శ్రేణిలో ఆడినది. ప్రపంచ కప్పు ఆడిన ఇనమోతో వంటివాడు ఆ చిన్న పేట జట్టులో చేరినాడు. పేటలో పాత్రల విగ్రహములు నిలిపిరి. బొమ్మలోని జట్టు కాగితము దిగివచ్చి మట్టిమీద నిలిచినది. ఒక పేటకు సాధ్యమైనది ఒక ఊరికి అసాధ్యము గాదు.

అయితే మన సంగతి యేమి? వీరఘట్టమున బుట్టిన కోడి రామమూర్తి నాయుడు గారి బలము సర్కసు గుడారము ద్వారా లోకమునకు తెలిసినది. గుడారమే లేకున్న ఆ బలము వీరఘట్టము దాటెడిదా? ఊసవానిపేట బిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీలో బరువులెత్తి కాంస్య పతకము తెచ్చి, ఒలింపిక్ పతకము నందిన మొదటి భారతీయ స్త్రీ యైనది. పతకము వచ్చిన నాడు జిల్లా యంతయు ఆమె పేరు చెప్పుకొన్నది. పతకమునకు ముందరి తెల్లవారుజాములను ఎందరు చూచిరి? మన ఆటగాండ్రకు కొరత అచ్చట నున్నది. గెలిచిన దినమున చూచుటకు లోకమున్నది, అభ్యాసము చేయు దినమున చూచు కన్ను లేదు. ప్రతి వారము వచ్చు బొమ్మల కథ ఆ కన్ను కాగలదు.

మన ఊరి మాట చెప్పెదను. బాలురు పదవ తరగతి ముగిసిన వెంటనే పనికై విశాఖపట్టణమో, హైదరాబాదో, చెన్నయో పోవుచున్నారు. బాలికలు ఆ వయస్సు వచ్చుసరికి మైదానమునకు వచ్చుట మానుచున్నారు. వారి తల్లులను అడుగుడు. కూతురి ఆటను ఒక్కసారియైనను చూచిన వారు అరుదు. తెల్లవారక ముందే ఉప్పుమళ్లలోనికి దిగి, ప్రొద్దెక్కిన పిదప తిరిగి వచ్చువారు, సాయంకాలపు ఆటకు వచ్చునప్పటికి పొయ్యి పిలుచును. చూడని ఆట మీద వారికి నమ్మకమెట్లు కలుగును? "ఆడపిల్లకు ఇదేల?" అని ఇరుగుపొరుగు లన్నప్పుడు ఏమి బదులు చెప్పగలరు? కాని ఉప్పుకొఠారులనుండి వచ్చు దారి మన వరండా ముందుగనే పోవుచున్నది. చదువురాని తల్లియు బొమ్మ చూడగలదు. తన బిడ్డ గీతదాటి వెళ్లి నలుగురిని తప్పించుకొని వచ్చిన సంగతి ఆమెకు గోడమీద కనబడిన, మరుసటి వారము ఏమైనదని నిలిచి చూచును. నా దృష్టిలో ఈ అర్జీ విలువ ఇంతయు అచ్చటనే యున్నది.

కబడ్డీకి బొమ్మ మరియొక మేలు చేయగలదు. ఒక కూత కాలము ముప్పది సెకండ్లు మాత్రమే. పదుమూడు మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు గల బరిలో ఏడుగురు కాచియుండగా ఒక్కడు లోనికి పోవును. చీలమండ పట్టిన దెవరు, నడుము పట్టిన దెవరు, బోనస్ గీత దాటినప్పుడు వెనుక కాలు గాలిలో నున్నదా లేదా, ఇదంతయు గట్టుమీద నున్న కంటికి అందదు. ముగ్గురు లేక అంతకు తక్కువ మంది మిగిలియుండి కూతగాని పట్టినచో రెండు అంకములు వచ్చునని ఎందరికి తెలియును? ఆ ముప్పది సెకండ్లను ఆరు గడులుగా విభజించి గీచినచో, ఆట తెలియని వానికి తెలియును. తెలిసిన వాడు మరునాడు మైదానమునకు వచ్చును. ఆట అర్థము కానిదే అభిమానము నిలువదు.

ఇప్పుడు చిత్రదర్శనములోని రెండవ మాటకు వత్తును. బొమ్మ బలమైనది గనుకనే దానికి కట్టుబాట్లు కావలెను. అర్జీదారులు ఈ అయిదింటిని అంగీకరింపవలెనని నా మనవి.

మొదటిది, ఒక్కనినే వీరునిగా చేయరాదు. జట్టులో ఏడుగురున్నారు, బల్లమీద మరి కొందరు. ప్రతి వారము ఒక్కొక్కరి వంతు రావలెను. బరి గీచి ముగ్గు పోయు వానికిని ఒక వారము కావలెను.

రెండవది, ఓటమిని దాచరాదు. ఆసియా క్రీడలలో 2018 లో మన దేశపు స్త్రీల కబడ్డీ జట్టు జకార్తాలో ఇరాను చేతిలో ఓడి రజతముతో తిరిగి వచ్చినది. 2023 లో హాంగ్జౌలో చైనీస్ తైపీని 26–25 తో, ఒకే ఒక్క అంకముతో, గెలిచి స్వర్ణము తెచ్చినది. మొదటి ఓటమి చెప్పకున్న ఆ ఒక్క అంకమునకు విలువ తెలియదు. గెలుపులే గీచిన కథను ఊరివారు నాలుగు వారములలో నమ్ముట మానెదరు, ఏలయన ఆట వారి కండ్లముందే జరుగుచున్నది.

మూడవది, ఎదుటి ఊరివారిని రాక్షసులుగా గీయరాదు. ఆదిపర్వమున కుమారాస్త్ర విద్యా ప్రదర్శనము జ్ఞాపకము చేసికొనుడు. భీమదుర్యోధనులు గదలు పట్టినంతనే చూచువారు రెండు పక్షములుగా చీలిరి. ద్రోణుడు అశ్వత్థామను పంపి ఆపించవలసి వచ్చినది. ఆట ఆటగా ముగియవలెనని ఆచార్యునకు తెలియును. పండుగ పోటీలలో ఊరికి ఊరికి నడుమ జరుగు తగాదాలు మనము చూడనివి గావు. ఎదుటివాని మంచి పట్టును గూడ మన గోడమీద గీయగలిగిన నాడు ఈ కథకు గౌరవము.

నాలుగవది, పిల్లల శరీరమును పణముగా పెట్టు కథలు వద్దు. ఇందాక చెప్పిన జపాను కథలో తండ్రి తన కొడుకును కఠినమైన ఉక్కు స్ప్రింగులు బిగించి సాధన చేయించును. కథలో నది రక్తి కట్టినది. మన పిల్లలు దానిని చూచి నిజమనుకొన్న మోకాళ్లు పోవును. దెబ్బ తగిలిన వాడు కూర్చుండుట, నీరు త్రాగుట, నిద్ర పోవుట గూడ కథలోనికి రావలెను. అదే విధముగ బాలికల బొమ్మ వేయుటకు ముందు వారి యొప్పుదలయు, తల్లిదండ్రుల యొప్పుదలయు తప్పక తీసికొనవలెను.

అయిదవది, ఏ వ్యాపారి సొమ్మిచ్చినను, మత్తు పదార్థములకును, పందెములకును ఆ గోడమీద చోటు లేదు. గోడ గ్రంథాలయముది.

భాషను గురించి ఒక మాట. నేనిచ్చట వ్రాతభాషలో మాటాడుచున్నాను. ఇది నాకు అలవాటు. బొమ్మలోని పిల్లవాడు ఇట్లు మాటాడిన అందరు నవ్వెదరు. "ఏమి చేయుచున్నావు?" అని మన బరిలో ఎవ్వరు నడుగరు. "ఏటి సేస్తన్నావు రా?" అనియే అందురు. మన నౌపడనుండి రైలెక్కిన పర్లాకిమిడి వచ్చును. ఆ ఊర పాఠశాలలో ఉపాధ్యాయుడై యుండి, జనుల వాడుక భాషకు వ్రాతలో చోటు కావలెనని పోరాడిన గిడుగు రామమూర్తి గారు మన సీమవారే. బొమ్మల మాటలు మన వీధి మాటలుగానే యుండనిండు.

ఖర్చు సంగతి నా వంతు. వారమునకు చార్టు కాగితము, రంగులు కలిపి యేబది రూపాయలు. రైలు స్టేషను వీధికి, పాఠశాలకు, టీ అంగళ్లకు పెద్ద నకళ్లు అయిదు తీయించుటకు నూరు రూపాయలు. పండ్రెండు వారములకు 1,800. వాన తగులని చెక్క బల్లకు 700. మొత్తము 2,500 రూపాయలు. గ్రంథాలయ నిధినుండి ఒక్క రూపాయి తీయనక్కరలేదు. ఇరువదియైదేండ్ల గుర్తుగా ఇరువదియైదు మంది తలకు నూరు రూపాయలిచ్చిన చాలును. నా నూరు రూపాయలు ఇదిగో, కోశాధికారి గారి ముందుంచుచున్నాను.

అయితే లెక్క జమతో ముగియదు. నేడే ఒక పుస్తకము తెరచి మూడు సంఖ్యలు వ్రాయవలెను: సాయంకాలము అభ్యాసమునకు వచ్చు బాలురెందరు, బాలికలెందరు, గ్రంథాలయమున సంతకము చేయువారెందరు. పండ్రెండవ వారమున, సంక్రాంతి పోటీల మరునాడు, ఆ మూడింటిని మరల వ్రాయవలెను. పెరిగినచో రెండవ కథ మొదలు పెట్టుదము. పెరగకున్నచో, బొమ్మలు ఎంత అందముగా నున్నను, గోడకు సున్నము వేయింతము. ముఖ్యముగ రెండవ సంఖ్యను నేను చూతును. ఒక్క బాలిక మైదానమునకు తిరిగి వచ్చినను, ఆ యింట తల్లి "ఆడనీ" అనినను, 2,500 రూపాయలు ఖర్చులో గాక ఆస్తిలో వ్రాయవలసిన పద్దు.

గోడ మీద చదివిన పిల్లవాడు గుమ్మము దాటి లోనికి వచ్చునా యని పెద్దలు సందేహించుచున్నారు. వచ్చును. ఈ వారము భాగములో చిత్రరేఖ పేరు కనబడినచో, ఆమె యెవరని అడుగుటకు వాడు లోపలి బల్లకడకే రావలెను. అప్పుడు భాగవతము తీసి వాని చేతిలో పెట్టుట మన గ్రంథపాలకుల పని.

పాలకవర్గము వారు ఈ అర్జీని ఈ సంవత్సరమే, ఈ నెలలోనే, అయిదు కట్టుబాట్లతో అంగీకరింపవలెనని సవినయముగా ప్రార్థించుచున్నాను.